పాలు పోసిన కాఫీ మిషను

సుసన్నా,

నువ్వు మస్కట్ నుంచి తెచ్చిన కాఫీ మిషను కోసం వెతకకు. మామిడికాయల ఆటోలో నూజివీడు తీసుకెళ్తున్నాను. మిక్సీలు బాగుచేసే మార్టిన్‌కి చూపిస్తాను. గడ్డిలో మగ్గేసిన రసాలు ఒకసారి తిరగెయ్యి. మెత్తబడినవి వేరే పెట్టు. మీ అమ్మ ప్రార్థన నుంచి వచ్చేసరికి అన్నం వండెయ్యి.

మిషను పాడుచేసింది నేనే, అమ్మని అనకు. నువ్వు రోజూ ఆ నల్లకాఫీ తాగుతుంటే నాకు నచ్చలేదు. నువ్వు లేచేసరికి పాలకాఫీ చేసిపెడదామని నీళ్ళు పోసే డబ్బాలో గేదెపాలు పోశాను. నీలాగే కాఫీపొడి బిళ్ళ పెట్టి బటన్ నొక్కాను. బుర్రుమని మోగి ఆగిపోయింది. లోపల మీగడ అడ్డం పడినట్టుంది.

నువ్వు మస్కట్ వెళ్ళేలోపు బాగవుతుందో లేదో తెలీదు. మిగిలిన బిళ్ళలు పారెయ్యకు. ఫ్లాస్కులో మన కాఫీ పోసి ఉంచాను. పంచదార వెయ్యలేదు.

నాన్న

అక్కడ డ్యూటీ నుంచి వచ్చి, గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఆ కాఫీ తాగుతానని చెప్పావు. ఇక్కడ రోజూ అరుగు మీద నా పక్కన కూర్చుని తాగుతున్నావు. మిషను బాగవకపోయినా రేపు వచ్చి కూర్చో.