నీలి చీర మెత్తబడే దాకా

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు వెనక సందులో కాపురముంటున్న సుశీలమ్మ అను నేను, కీర్తిశేషులు బట్టల బసవయ్య గారి భార్యను, వయసు అరవై రెండు, రాయిస్తున్న వీలునామా. వచ్చే సోమవారం నాకు కడుపు ఆపరేషను. మత్తుమందు ఇచ్చినాక నా తెలివి ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు గనుక, అది నా దగ్గరే ఉన్న ఈ రోజే నయాపూల్‌లో దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వచ్చి రాయిస్తున్నాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నా మాట వినేవాళ్ళే లేని ఇంట్లో నాతో బలవంతంగా రాయించే తీరిక ఎవరికుంది? దీన్ని అమలు చేసే బాధ్యత నా తమ్ముడు లక్ష్మయ్యది.

1. నా భర్త నా పేర రాసిపోయిన బట్టల దుకాణం, అందులోని సరుకుతో సహా, నా ఒక్కగానొక్క కొడుకు అమరనాథ్ సర్వహక్కులతో అనుభవించవలెను. బట్టల తానుల చివర మిగిలే తునకలతో మా అత్త చంద్రమ్మ దిండ్లకు గలీబులు కుట్టేది, సంచులు కుట్టేది. అమరనాథ్ వాటిని చీపురుతో బజారులోకి ఊడ్పిస్తున్నాడు. ఇది చూసి చూసి నా కళ్ళు మండిపోయాయి.

2. నేనుంటున్న ఇల్లు అమరనాథ్‌కు, కోడలు సావిత్రికి చెరిసగం. నల్లా నీళ్ళు వచ్చేది గంటసేపు. బియ్యం కడిగిన నీళ్ళతో కూరగాయలు కడగాలి, ఆ నీళ్ళతో గిన్నెలు తొలవాలి, ఆఖరికి అవి జామచెట్టుకు పోయాలి. ఈ మాట షరతుగా రాయమన్నాను. షరతుగా చెల్లదని దస్తావేజులు రాసే ఆయన అన్నాడు. అయితే ఫిర్యాదుగానైనా రాయమన్నాను, రాశాడు.

ఇవన్నీ నేను పుట్టుకతో తెచ్చుకున్నవి కావు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడమని చంద్రమ్మ నా చేతిలో పెడితే, బట్టల షావుకారు ఇంట్లో ఇదేం దరిద్రమని బావి దగ్గర కూర్చొని ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. పాత చీర ఒకటి తెచ్చి నా ఒళ్ళో పరిచింది. పండుగకు కట్టిన చీర తర్వాత ఇంట్లోకి, చిరిగితే బొంతకు, బాగా మెత్తబడితే పసిపిల్లల పొత్తిళ్ళకు, ఆపైన మసిగుడ్డకు, ఆఖరున లాంతరు వత్తికి అని చూపించింది. 'బట్టను సగంల చంపొద్దు బిడ్డా' అన్నది. నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నా కోడలికి అన్ని ఏళ్ళు ఇచ్చే ఓపిక నాకు లేదు, ఆ సోమవారానికీ లేదు.

3. వంటింటి అటక మీదున్న స్టీలు డబ్బా, మూతతో సహా, సావిత్రికి. దాని సంగతి అందరికీ తెలియాలి. చంద్రమ్మ కట్టి విడిచిన చీరలను నేను మూటగట్టి పెట్టెలో దాచాను. అమరనాథ్‌ను పుట్టగానే చుట్టింది ఆ చీరల్లోనే. కిందటి ఎండాకాలం నేను మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, పాత బట్టలకు సామాన్లిచ్చే ఆమె సందులోకి వచ్చింది. సావిత్రి ఆ మూట ఇచ్చి ఈ డబ్బా తీసుకున్నది. నేను లేచేసరికి సంబరంగా చూపించింది. 'పాత చింపిరి పోయింది, కొత్త డబ్బా వచ్చింది అత్తమ్మా, మంచిగలేదా?' అన్నది. ఆమె మనసులో చెడు లేదు, అదే నాకు మరీ కష్టమైంది. చార్మినారు దాకా ఉరికి వెతికాను. గంపల వాళ్ళు చాలామందే కనిపించారు, ఆమె కనిపించలేదు. అప్పటినుంచి ఆ డబ్బాలో నేను పప్పు గింజ కూడా పోయలేదు.

4. నా మెడలోని రెండు పేటల గొలుసూ సావిత్రికే. కోపం కోపమే, గొలుసు గొలుసే.

5. నేను పోతే నా మీద ఒక్క బట్టే కప్పవలెను. నా భర్త పోయినప్పుడు బజారులోని షావుకార్లంతా పోటీపడి కప్పిన కొత్త బట్టలు ఆయనతోపాటే కాలిపోయాయి. ఒక్కసారన్నా ఎవరూ కట్టని బట్ట మంటల్లో పోతుంటే నాకు దుఃఖం మీద దుఃఖం వచ్చింది. పరువు కోసం అమరనాథ్ ఈ మాట దాటితే లక్ష్మయ్య అడ్డం పడవలెను.

6. నీలి గళ్ళ నారాయణపేట చీర. ఇది నా భర్త ఆఖరుసారి తన చేత్తో దుకాణంలోంచి తీసి ఇచ్చినది. కొత్తలో అట్టలా ఉండేది. మూట పోయిన మరునాటినుంచి దీన్నే కట్టాను, ఉతికాను, మళ్ళీ కట్టాను. గంజి పెట్టలేదు. వియ్యపురాలు వచ్చిన రోజూ ఇదే. 'అమ్మా, దుకాణం ఇజ్జత్ తీస్తున్నవ్, ఇంకో చీర లేదా నీకు?' అని అమరనాథ్ నలుగురిలో అడిగాడు. పిసినారి అని సావిత్రి పక్కింటామెతో అన్నది కూడా విన్నాను. పుట్టకముందే బిడ్డ కోసం పొత్తిళ్ళు మెత్తబరుస్తున్నామని నోటితో అనకూడదు. అందుకని మాటలు పడ్డాను.

సావిత్రికి ఏడో నెల. ఎల్లుండి పుట్టింటికి పోతుంది, ఆమె పోయినాక నేను ఆసుపత్రికి పోతాను. తిరిగి వస్తానో లేదో. అందుకే ఇప్పుడు చెబుతున్నాను. ఈ చీర నేను పోయినాక కాదు, ఈ రోజే సావిత్రిది. వీలునామాలో అట్లా కుదరదని రాసే ఆయన మళ్ళీ అడ్డం చెప్పాడు. ఇది పోయిన మనిషి చీర కాకూడదు, బతికున్న నానమ్మ చీర కావాలి, రాయమన్నాను.

సావిత్రీ, అంచు ముందే చింపి తీసెయ్యి, పసిబిడ్డ ఒంటికి గీసుకుంటుంది. అంచును ఉయ్యాలకు కట్టుకో. మిగిలింది నిలువుగా చింపు, కత్తెర పెట్టకు. పొద్దున్నే ఉతికి ఆరేసి, మడతపెట్టి నీ పెట్టెలో అడుగున పెట్టాను, నీ పట్టుచీరల కింద. బిడ్డ ఎదిగినాక దాన్ని మసిగుడ్డ చేసుకో, ఏమీ అనను. డబ్బాకు మాత్రం ఇవ్వకు.

అమరనాథ్, ఈ రోజు నేను వేరే చీర కట్టుకొనే వచ్చాను. కొత్తది, నడుము దగ్గర గరుకుగా గుచ్చుకుంటున్నది.

1979 నవంబరు 14, హైదరాబాదు.

(సంతకం) సుశీలమ్మ

సాక్షులు:
సోమయ్య, దుకాణం గుమస్తా
ఇశ్రాయేలు, పక్కింటివాడు, రైల్వే ఉద్యోగి