లోపలికి తిరిగే వాచీ

అన్నయ్యా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. చెమటకీ గోదారి నీళ్ళకీ నీ కీ ఇచ్చే వాచీ తోలు పట్టీ చివికిపోయింది. పొద్దున్నే నరసాపురం వెళ్ళి స్టీలు చైను వేయించాను. పాత వాచీకి కొత్త చైను కొసలు పట్టలేదు. షాపాయన ఆకురాయి తీసేసరికి ఊరుకోలేకపోయాను.

"వాచీ మీద గీత పడుతుందేమోనండీ!"

"వాచీ జోలికెళ్ళనమ్మా. చైనే అరగదీస్తానండి."

చేతికి పెట్టుకుంటే కాస్త వదులైంది. ఇంకో లింకు తీసేస్తానన్నాడు. ఎందుకో వద్దని వచ్చేశాను.

రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు నడిపేటప్పుడు, స్టీరింగు వదలకుండా టైము చూసుకోవాలని డయలు మణికట్టు లోపలివైపు పెట్టుకునేవాడివి. "ఆడపిల్లలా అదేంటన్నయ్యా!" అని ఏడిపించేదాన్ని.

ఇప్పుడు గిన్నెలు తోముతున్నా, బట్టలారేస్తున్నా వాచీ లోపలికి జారిపోతోంది. పైకి తిప్పితే మళ్ళీ జారుతోంది. లింకు తీయించేద్దామని చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. వెనక్కొచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

"ఏంటే ఆ తిరుగుడు? టైమెంతయింది?" అన్నారు మీ బావగారు.

అరచెయ్యి పైకి తిప్పి, చూసి చెప్పాను.

చెప్పులు విప్పేశాను.

నీ చెల్లి