ప్రేమకుమారికి వీధి వైపు పోర్షన్

నెల్లూరు కోటమిట్ట వాస్తవ్యుడు, ప్రస్తుతం అబుదాబి మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉంటున్న దర్జీ షేక్ కాలేషా అనే నేను, వయస్సు అరవై ఎనిమిది, నా చేత్తో రాస్తున్న వీలునామా. కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను. బుద్ధీ అంత సరిగ్గానే ఉంది. ఎవరి బలవంతమూ లేదు.

1. నా భార్య ప్రేమకుమారి, నర్సు, క్రైస్తవురాలు. బుష్రా అనే పేరు నికా రోజున నా తమ్ముడు పీరా తగిలించింది. మతం మారేటప్పుడు చదివే కలిమా ఆమె చదవలేదు, అప్పట్లో నేను అడగలేదు. పోయిన నెల పీరా జమాత్ పెద్దలను కూర్చోబెట్టి, క్రైస్తవురాలికి వాటా లేదని, నేను పోతే కోటమిట్ట ఇల్లు ఖాళీ చేయాలని చెప్పించాడు.

2. ఆపరేషన్ ఆదివారం. లేస్తానో లేదో డాక్టర్లే చెప్పలేకున్నారు. ఆ భయంలో ఒక్కసారి కలిమా చదవమని ఆమె కాళ్ళావేళ్ళా పడ్డాను. "నమ్మకుండా చదివితే మీ దేవుడికీ అబద్ధమే, నా దేవుడికీ అబద్ధమేనండీ" అని మందులు చేతిలో పెట్టింది. ప్రేమా, అలా అడగడం నా తప్పు. క్షమించు.

3. మా బిడ్డ ఫైజా డాక్టరేట్ కోసం వెయ్యేళ్ళనాటి అందలూస్ కాగితాలు చదువుతోంది. స్పెయిన్‌లో ముస్లింలు ఏలిన రాజ్యమది. హమ్మాముకు, అంటే ఊరి స్నానశాలకు, ఆడవాళ్ళ వేళలు వేరట. ఒక కాలంలో యూదుల బట్టలూ వేరట, కుట్టిన దర్జీ ఎవరో పాపం. అన్ని గీతలు గీసినవాళ్ళే, క్రైస్తవ భార్యకు వారసత్వం లేకున్నా వీలునామాతో మూడో వంతు దాకా ఇవ్వొచ్చన్నారట. ఖాజీ గారిని అడిగితే ఇప్పటికీ అంతేనన్నారు. కలిమా చదివి ఉంటే వారసురాలై ఎనిమిదో వంతే వచ్చేది, వారసులకు వీలునామా చెల్లదట! అల్‌హందులిల్లా, నవ్వలేక ఏడ్చాను. బిడ్డా, నీ చదువు చల్లగుండ!

4. కనుక కోటమిట్ట ఇంట్లో సమానంగా ఉన్న మూడు పోర్షన్లలో వీధి వైపుది ప్రేమకుమారికి. ఎవరి వాకిలీ దాటకుండా చర్చికి పోయి రావచ్చు. మిగిలిన రెండూ షరియత్ ప్రకారం చెరి సగం: నడిమిది ఫైజాకు, పెరటిది పీరాకు. పీరా, నీ హక్కు నీకే ఉందిరా. దావా వేయకు, బతిమాలుతున్నాను. నీ భార్య ఖుర్షీదా ఇరవై ఎనిమిదేళ్ళు ప్రేమకు వేరుగా పెట్టిన ఆ స్టీలు గ్లాసు కూడా ప్రేమకే ఇచ్చేయండి.

5. నా కుట్టుమిషను, దుబాయ్ నైఫ్ బజారు దుకాణంలో నా పక్కన కూర్చుని కుట్టిన హన్మంతుకు. సాక్షి సంతకం పెడతానన్నాడు. హిందువు సాక్ష్యమని పీరా పేచీ పెడతాడని ఫైజా వద్దంది. అలిగాడు. అలగకు తమ్ముడూ.

6. నేను పోతే ఇక్కడే మట్టి చేయండి. ఆడది, పైగా మతం వేరని ప్రేమను ఖబరస్తానుకు రానివ్వరు, తెలుసు. అందుకే, ఆమె వచ్చి నా ముఖం చూసేదాకా కఫన్ గుడ్డ ముడి వేయకండి. ఏదో గొణుక్కుంటుంది, తన ప్రార్థన. అయ్యేదాకా ఆగండి.

శుక్రవారం, 2 ఫిబ్రవరి 2024
(సంతకం) షేక్ కాలేషా

సాక్షులు:
ఆసిమ్, ఎదురింటి ఎలక్ట్రీషియన్
ఫర్దీన్, నైఫ్ బట్టల దుకాణం