లెవి వండి పెట్టిన కూరలు

నాష్వా,
న్యూ హాంప్‌షైర్, శనివారం, డిసెంబరు 13, 2008

అమ్మడూ, నా ప్రియమైన అమ్మడూ,

ముందు ఒక్క మాట చెప్పేసి తర్వాత మిగతావి రాస్తాను. నేను బాగున్నాను. ఇంటికి ఏమీ కాలేదు. నువ్వు టీవీలో ఏం చూశావో ఏమో గాని కంగారు పడకు. నా సెల్‌ఫోన్ చచ్చి పడుంది, చార్జింగ్ పెట్టడానికి కరెంటు లేదు. ఇంటి ఫోన్ కూడా పలకడం లేదు. పోస్టు తెచ్చే అమ్మాయి మాత్రం ఇవాళ జారకుండా బూట్లకు గొలుసులు తగిలించుకుని మెల్లగా వచ్చింది. ఆమెను చూశాకే నీకు ఉత్తరం రాయొచ్చని తోచింది. అదీ మంచిదే. ఫోన్‌లో అయితే నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు, నేను నిన్ను చెయ్యనివ్వను.

గురువారం రాత్రి వాన మొదలైంది. బాపట్లలో నేను చూడని తుఫాను లేదు గాని ఇది వేరు. అక్కడ గాలి అరుస్తుంది. ఇక్కడ గాలే లేదు. చినుకు పడిన చోటే గడ్డకట్టుకుపోయింది. తెల్లారి చూస్తే ప్రతి కొమ్మకూ, కరెంటు తీగకూ, గడ్డిపోచకూ గాజు తొడుగు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆ బరువుకు మాత్రం చెట్లు తుపాకీ పేలినట్టు విరిగి పడ్డాయి. మన వీధికి అడ్డంగా ఒకటి పడింది. తీగలన్నీ నేల మీదే.

హీటరు ఆగిపోయింది. ఆగితే ఆగనీ. వంట పొయ్యి గ్యాసుది, అగ్గిపుల్లతో వెలిగించుకుంటున్నాను. ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు పెట్టి, హాల్లోనే పరుపు వేసుకున్నాను. వంటింటికీ హాలుకూ మధ్యే నా కాపురం. కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని పెద్దదాన్నయ్యాను, నాకు ఈ చీకటి కొత్తేమీ కాదు.

నిన్న దైవాశీర్వాదం వచ్చాడు, చర్చి వాళ్లందరినీ చూసుకుంటూ.

“దెబోరమ్మ గారూ, బ్యాగ్ సర్దుకోండి. హైస్కూల్‌లో షెల్టర్ ఓపెన్ చేశారు. జనరేటర్ ఉంది, వేడి సూప్ ఇస్తున్నారు. జయంతినీ పిల్లనీ అక్కడే దింపి వస్తున్నా.”

“నేను రాను నాయనా.”

“కరెంట్ వారం దాకా రాదంటున్నారండీ! మీకేమన్నా అయితే రేపు పర్సిస్‌కి నేనేం ఆన్సర్ చెప్పాలి?”

“మీ అత్త మొండిదని చెప్పు. ఆమెకు తెలిసిన సంగతే.”

ఎందుకు వెళ్లలేదో నీకు తెలుసు. కింద బేస్‌మెంట్‌లో ఫ్రీజరు. ఆపరేషన్‌కు వెళ్లే ముందు మన లెవి వారం రోజులు పొయ్యి దగ్గర నిలబడి వండి పెట్టిన కూరలు. “అమ్మా, నెల రోజులు నేను గరిటె పట్టుకోకూడదన్నారు. మీ ఇద్దరూ వంటింట్లో కొట్టుకోకుండా అన్నీ చేసి పెడుతున్నా” అని నవ్వాడు. పెరుగు డబ్బాలు కడిగి నింపి, ఏది నీకో ఏది నాకో పైన రాసి అతికించాడు. డాక్టర్లు చెయ్యాల్సిందంతా చేశారు. వాడి గుండే ఒప్పుకోలేదు. జనవరి నుంచి నేను ఒక్క డబ్బా కూడా కదపలేదు.

అక్టోబరులో నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. “అత్తయ్యా, అది ఫ్రీజరా, సమాధా? పారెయ్యండి, లేకపోతే నేనీ ఇంట్లో ఉండలేను” అన్నావు. “ఉండలేకపోతే వెళ్లు” అన్నాను. నువ్వు దేశం ఆ చివర శాంటా క్లారాలో ప్రాజెక్టు చూసుకుని వెళ్లిపోయావు. సరే, అది ఇప్పుడెందుకు.

డబ్బాలన్నీ పైకి మోసుకొచ్చి, పెద్ద కూలర్ పెట్టెలో సర్ది, వెనక చెక్క డెక్ మీద పెట్టాను. మెట్ల మీది మంచు గడ్డలు పగలగొట్టి చుట్టూ కూరాను. జంతువులు మూత లాగకుండా రాయి పెట్టాను. ఈ దేశంలో చలికి కరువేముంది? ఫ్రీజరు లేకపోతే ఊరంతా ఫ్రీజరే. వాటికి ఏమీ కానివ్వను.

నువ్వు స్వెట్టర్ లేకుండా తిరుగుతున్నావేమో, అక్కడ ఎండని. ప్రభువు నిన్ను కాపాడును గాక.

నీ అత్త,
దెబోరా

*

శాంటా క్లారా,
బుధవారం, డిసెంబరు 17

ప్రియమైన అత్తయ్యకు,

మీ ఉత్తరం ఇవాళ లంచ్‌లో ఇంటికి వెళ్తే కనిపించింది. శుక్రవారం నుంచి మీ రెండు ఫోన్లకీ, అంటే ఇంటి ఫోన్‌కీ మీ సెల్‌కీ, కొడుతూనే ఉన్నాను. చివరికి ఆదివారం దైవాశీర్వాదం అంకుల్ దొరికారు. “మీ అత్తగారు మొండిది” అన్నారు. మీరే అలా చెప్పమన్నారని ఇప్పుడు తెలిసింది.

మొదట చాలా కోపం వచ్చింది. అరవై దాటిన మనిషి, ఒంటరిగా, గడ్డకట్టిన డెక్ మీద రాళ్లు మోయడమేంటి? జారి పడితే ఎవరు చూస్తారు? కాగితం మీద కూడా మీతో దెబ్బలాడుతున్నాను చూడండి.

కానీ అత్తయ్యా, నేను చెప్పాల్సింది అది కాదు.

ఆఫీస్‌లో అందరూ న్యూ హాంప్‌షైర్ ఫోటోలు చూసి “వావ్” అంటుంటే నాకు ఒక్కటే ఆలోచన. ఫ్రీజర్. పారెయ్యమన్నది నేనే. ఇప్పుడు నిజంగా పోతాయేమో అని భయం. రాత్రీ పగలూ అక్కడి వెదర్ చూస్తూ కూర్చున్నాను. సోమవారం ఒక్కసారిగా వేడెక్కిందట కదా? యాభై ఫారెన్‌హీట్ దాటిందని వెదర్ సైట్‌లో రాశారు. అవి ఎలా ఉన్నాయి? దయచేసి కాపాడండి. అంకుల్ వాళ్లకు తెలిసిన ఎవరింట్లో కరెంట్ వచ్చినా, వాళ్ల ఫ్రీజర్‌లో పెట్టించండి. నేను చేతులు జోడించి అడుగుతున్నాను.

సమాధి అన్నందుకు నన్ను క్షమించండి. క్రిస్మస్‌కి టికెట్ బుక్ చేశాను. ఏం చెయ్యాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. అప్పటిదాకా ఒక్కటి కూడా తియ్యకండి.

మీ
పర్సిస్

*

నాష్వా,
శనివారం, డిసెంబరు 20

ప్రియమైన అమ్మడూ,

నీ ఉత్తరం ఇందాకే వచ్చింది. నువ్వు వాటిని కాపాడమని నాకు రాసేనాటికే అవి లేవమ్మా. తినేశాం.

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

సోమవారం పొద్దున్న లేచేసరికి చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. చెట్ల మీది గాజంతా ఊడి పడుతోంది. నేను చేసిన తెలివితక్కువ పని చూడు: ఈ దేశపు చలిని నమ్ముకున్నాను. ఇక్కడ డిసెంబరు అంటే డిసెంబరే అనుకున్నాను. పరుగెత్తి కూలర్ తీస్తే చుట్టూ ఉన్న మంచు నీళ్లయిపోయింది. డబ్బాలు వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతున్నాయి, మధ్యలో మాత్రం ఇంకా రాయిలా ఉంది. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టిస్తే పాడైపోతుంది. వంట నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఉంచితే సాయంత్రం వరకే. ఆ తర్వాత చెత్తకుండీ.

వాడి చేతి వంట చెత్తకుండీలోకా?

డెక్ మీదే కూలబడి ఏడ్చాను. ఏడ్చానని నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను. అప్పుడే కారు ఆగింది. దైవాశీర్వాదం, జయంతి, వాళ్ల పాప షారన్. స్కూల్లో పిల్లకు దగ్గు పట్టుకుందట, ఇంటికి వెళ్దామంటే వాళ్ల ఇంట్లో పొయ్యితో సహా అన్నీ కరెంటువే. “ఆంటీ, ఒక్క పూట మీ ఫైర్‌ప్లేస్ దగ్గర కూర్చోవచ్చా? ఆ సూప్ చూస్తే పిల్లకి వాంతి వస్తోంది” అంది జయంతి.

ఆ పిల్ల ముఖం చూశాను. కూలర్ వైపు చూశాను. ఇక ఆలోచించలేదు. “జయంతీ, పెద్ద గిన్నెలు దించు. బియ్యం కడుగు. దైవాశీర్వాదం, నువ్వు చర్చి వాళ్లలో ఇంకా ఎవరు ఆకలితో ఉన్నారో చూసి తీసుకురా” అన్నాను.

“ఇప్పుడేం వండుతారండీ, కరెంటు లేదు, షాపులు లేవు...”

“వండేది నేను కాదు. వండినవాడు వండి వెళ్లాడు. నువ్వు వెళ్లు.”

ఒక్కో మూత తీస్తుంటే వాసన. కోడికూర, గోంగూర మాంసం, వంకాయ, పప్పుచారు. ఏడాదిగా ఈ ఇంట్లో లేని వాసన. నాలుగు పొయ్యిలూ వెలిగించాను. హాల్లో దుప్పట్లు పరిస్తే ఇల్లు నిండిపోయింది. కొవ్వొత్తుల వెలుగులో ఎవరి ముఖం ఎవరికీ సరిగా కనిపించకపోయినా అందరూ తింటున్న చప్పుడు మాత్రం వినిపించింది.

షారన్ రెండోసారి కూర వేయించుకుని అడిగింది. “ఆంటీ, ఇది ఎవరు చేశారు? సో గుడ్.”

“లెవి అంకుల్ చేశాడు.”

“బట్... లెవి అంకుల్ చనిపోయాడు కదా?”

జయంతి పిల్ల నోరు మూయబోయింది. అందరి చేతులూ పళ్లేల్లోనే ఆగిపోయాయి.

“అవునమ్మా, చనిపోయాడు. పోకముందు చేశాడు. చల్లారిపోతుంది, తిను” అన్నాను.

ఆ మాట తేలిగ్గానే వచ్చేసింది అమ్మడూ. నాకే ఆశ్చర్యం వేసింది.

ఏడాది లోపల జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామని, నలుగురినీ పిలిచి భోజనం పెడదామని దైవాశీర్వాదం ఎన్నిసార్లు అడిగాడో నీకు తెలుసు. నేనే మాట దాటేశాను. కూడిక పెడితే అంతా అయిపోయినట్టేనని నా భయం. భోజనాలయ్యాక అతను లేచి నిలబడి, “అమ్మగారూ, ప్రార్థన చేయమంటారా?” అని మెల్లగా అడిగాడు. ఏం ప్రార్థనో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చెయ్యమన్నాను. తన కూడికకు తనే వండి పెట్టుకున్న కొడుకు ఎక్కడైనా ఉంటాడా? నాకు ఉన్నాడు.

ఒక్కటే నా గుండెలో ముల్లు. నువ్వు లేవు. భార్యవు నువ్వు, నీ వాటా నీకు మిగల్చలేకపోయాను. వంటలు అడుగంటా అయిపోయాయి. నువ్వు నాతో కొన్నాళ్లు మాట్లాడకపోయినా నేనేమీ అనను. కానీ తప్పు చేశానని మాత్రం చెప్పను. పారెయ్యలేదు, కడుపుల్లోకి పంపాను.

కరెంటు ఇంకా రాలేదు. నిన్నటి నుంచి మంచు కురుస్తోంది. నేను గట్టిగానే ఉన్నాను.

నీ రాక కోసం చూస్తూ,
నీ అత్త దెబోరా

*

శాంటా క్లారా,
బుధవారం, డిసెంబరు 24

ప్రియమైన అత్తయ్యకు,

మీ ఉత్తరం ఆఫీస్ పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని చదివాను. మీరు చెప్పినట్టు కూర్చునే. మొదటి పేజీ అయ్యాక కాగితం నలిపేశాను. ఊళ్లో వాళ్లందరికీ పెట్టారు, నాకు లేదు అనుకున్నాను. మళ్లీ సాపు చేసి మిగతాది చదివాను. షారన్ మాట దగ్గర స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. తను అడిగింది నేను ఏడాదిగా ఎవరినీ అడగనివ్వలేదు.

ఫ్లైట్ క్యాన్సిల్ అయింది, అక్కడ మంచు వల్ల. మళ్లీ సెలవు జనవరి పదికి గాని దొరకలేదు. అందుకే ఇప్పుడే చెప్తున్నాను.

నా దగ్గర ఒకటి ఉంది.

అక్టోబరులో వచ్చేటప్పుడు, మీరు చర్చికి వెళ్లినప్పుడు తీసుకున్నాను. నా పేరు రాసి ఉన్న రొయ్యల కూర. రెండు స్వెట్టర్లలో చుట్టి సూట్‌కేస్‌లో పెట్టుకున్నాను. విమానంలో అంతసేపూ ఆ ఒక్కటే భయం. ఇక్కడికి వచ్చాక కూడా గట్టిగానే ఉంది. మీది సమాధి అన్నాను. నేను కూడా ఒకటి కట్టుకుని, రోజూ తలుపు తీసి చూసి మూస్తున్నాను. మీరు డబ్బాల లెక్కలో దాని మాట ఎత్తలేదంటే మీకు తెలియదనుకున్నాను. తెలుసో లేదో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

పదో తారీకున వచ్చేటప్పుడు తీసుకురమ్మంటారా? మీరు ఎలా చెప్తే అలా.

మీ
పర్సిస్

*

నాష్వా,
సోమవారం, డిసెంబరు 29

ప్రియమైన అమ్మడూ,

నాకు తెలియదు. నిజంగానే తెలియదు. నీకు వాడు అక్కర్లేదని, అందుకే పారెయ్యమన్నావని ఇన్నాళ్లూ మనసులో పెట్టుకున్నాను. నాలాగే నువ్వూ దాచుకున్నావు. ఉత్తరం చదివి, ఒక్కదాన్నే ఇంట్లో గట్టిగా నవ్వాను. దొంగా! అత్త ప్రార్థనకు వెళ్తే కోడలు రొయ్యలు ఎత్తుకుపోయింది.

కరెంటు వచ్చింది. ఇల్లంతా ఒక్కసారి వెలిగేసరికి కళ్లు చిట్లించుకున్నాను. ఫ్రీజరు ఖాళీ చేసి తుడిచి పెట్టాను. నీ గది దుప్పట్లు ఉతికాను. జనవరి పది ఎంతో దూరం లేదు.

రొయ్యలు ఇక్కడికి తీసుకురావద్దు. ఎవరి కోసం? అది నీ పేరు మీద చేసింది. నాకు ముద్ద కూడా ఉంచకు. ఈ ఉత్తరం అందిన మర్నాడే ఫ్రీజరు నుంచి తియ్యి, పొద్దున్న ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఫ్రిజ్‌లో కింది అరలో పెడితే సాయంత్రానికి కరుగుతుంది. మైక్రోవేవ్‌లో పెట్టకు, రొయ్య రబ్బరు అవుతుంది. మూకుడులో చిన్న మంట మీద, ఆవిరి వచ్చేదాకా. వాడు తనకు బీపీ అని ఉప్పు తగ్గించి వేసి ఉంటాడు, చూసి కాస్త వేసుకో. అన్నం అప్పటికప్పుడు వేడిగా వండుకో. నిలబడి గరిటెతో తినకు, పళ్లెంలో పెట్టుకుని కూర్చో. మధ్యలో ఏడుపొస్తే ఏడువు, కానీ పళ్లెం వదిలి లేవకు.

డబ్బా కడిగి అక్కడే ఉంచుకుంటావో పారేస్తావో నీ ఇష్టం. నేను అడగను.

నీ అత్త, అమ్మ,
దెబోరా

సిగ్గుపడకుండా మారు వడ్డించుకుని, కడుపు నిండా తిను తల్లీ.