మైసమ్మ పటం కింద ఉన్న గార్డు ఇప్పించుట గురించి

ఫ్యాక్టరీల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

రామంతాపూర్ నివాసి, నాచారం పారిశ్రామికవాడలోని ఒక స్టీలు డబ్బాల కంపెనీలో ప్రెస్సు ఆపరేటరు రంజిత్ నమస్కరించి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మూడో నంబరు ప్రెస్సుకు గార్డు తిరిగి బిగింపించుట, నాకు తేలిక పని ఇప్పించుట గురించి.

1. మూడో నంబరు ప్రెస్సు అనగా రేకును నొక్కి డబ్బా మూతగా చేయు యంత్రము. చెయ్యి లోపలికి పోకుండా దాని ముందర ఇనుప గార్డు ఉండెడిది. గత దసరా ఆయుధపూజకు యంత్రమునకే పసుపు కుంకుమ పెట్టవలెనని మా సూపర్‌వైజర్ ధర్మేందర్ గారు దానిని విప్పించినారు. విప్పిన గార్డును గోడకు పీటవలె బిగించి, దానిపై మైసమ్మ తల్లి పటం పెట్టి దీపం వెలిగించినారు. పూజ బాగా జరిగినది. పులిహోర కూడా బాగున్నది. గార్డు మాత్రం తిరిగి రాలేదు.

2. పండుగ అయిన తరువాత నేను అడిగితిని. తల్లి గద్దె కదిలిస్తే అరిష్టమన్నారు. కొత్తది చేయించమంటే, ఉన్నది ఉండగా కొత్తదెందుకని ఆఫీసులో అన్నారు. కంపెనీ వారు పెట్టుకున్న సేఫ్టీ ఆఫీసరు గారు వచ్చి గార్డు ఎక్కడని అడిగితే చూపించినాము. ఆయన బూట్లు విప్పి దండం పెట్టుకొని, గార్డు ఉన్నదని రాసుకొని పోయినారు.

3. చలికాలం పోకముందే నా కుడిచేతి వేళ్ళు రెండు ఆ ప్రెస్సులో పోయినవి. దీని గురించి ఎక్కువ రాయలేను. నాకు తేలిక పని ఇవ్వవలెనని దవాఖానా డాక్టరు గారు కాగితం రాసినారు. మేనేజరు పట్టాభిరామయ్య గారు మంచివారే, కూర్చోబెట్టి టీ తెప్పించినారు. దెబ్బ తగిలినవారికి తేలిక పని ఇవ్వాలని కంపెనీ పాలసీలో ఉన్న మాట నిజమేనని, అయితే మన దగ్గర ఉన్నవన్నీ బరువు పనులేనని చెప్పినారు. ఆ పాలసీ అద్దాల ఫ్రేములో ఆయన కుర్చీ వెనుకనే వేలాడుచున్నది.

4. ప్రమాదం తరువాత కంపెనీ వారు ఏమీ చేయలేదనుట సరికాదు. బూడిద గుమ్మడికాయ కొట్టించినారు. ప్రెస్సుకు నిమ్మకాయలు కట్టించినారు.

5. ఆపైన నన్ను తిరిగి అదే ప్రెస్సు మీద వేసినారు. కారణం ధర్మేందర్ గారి మాటల్లోనే మనవి చేయుచున్నాను. "అమ్మ తీసుకునేది తీసుకున్నది. నిన్ను మళ్ల ముట్టదు. వేరేటోళ్లను పెడ్తే వాళ్లకు భయం." తోటి పనివారు కూడా ఇదే నమ్ముచున్నారు. నన్ను ఆ ప్రెస్సు దగ్గర చూస్తే వారికి ధైర్యం. నాకే లేదు.

అయ్యా, నేనూ మొక్కేవాడినే. బోనాల నాడు ఒక్క పొద్దు ఉండేవాడినే. కానీ తల్లి నా వేళ్ళు అడిగిందంటే ఒప్పుకోను. ఆమెకు నా వేళ్ళెందుకు? పెడల్ తొక్కితే ప్రెస్సు దిగుతుంది, మధ్యలో ఏది ఉంటే దాన్ని నొక్కుతుంది. ఈ ఒక్క మాట అందరికీ చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఇప్పుడు చెప్పడం కూడా మానేసి వచ్చి పని చేసుకొని పోతున్నాను.

6. ఆ ప్రెస్సు మీద ఇక చేయనని అంటే, సోమవారం నుండి ప్యాకింగులో ఉన్న అమూల్యను దాని మీద వేస్తామంటున్నారు. ఆమె కొత్తగా చేరిన పిల్ల. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నది. ప్రెస్సు పని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

కావున తమరే స్వయముగా విచ్చేసి ఆ గార్డును గోడ నుండి విప్పించవలెను. మాలో స్పానరు పట్టగలిగిన వారికి ధైర్యం లేదు, నాకు పట్టు చిక్కుట లేదు. తల్లికి మంచి టేకు పీట మేమే చేయించి, పటాన్ని మర్యాదగా దాని మీద పెట్టుకుంటాము. ఆమె పేరు మీద ఏ మాట వచ్చినా నేను పడతాను.

పై సంగతులన్నీ చిత్తగించి, ఇంకొకరి చెయ్యి పోకముందే ఉత్తర్వులు దయచేయింపవలెను.

తమ రాకకై ఎదురుచూచు విధేయుడు,
రంజిత్

మరొక మనవి: ఈ అర్జీని భోజనాల వేళ అమూల్యకు చదివి వినిపించాను. అంతా విన్నది. "మంచిగ రాసినవ్ అన్నా. గని సారు వచ్చేదాక ఆ ప్రెస్సు ముంగట నువ్వు నిలవడ్తవా, నేను నిలవడాల్నా? గది రాయలే" అన్నది. నిజమే సార్, రాయలేదు. ఏం రాయాల్నో తెల్వక వదిలిపెట్టిన.