బాయి వైపు గోడలో ఒక ఇటుక ఖాళీ

గోదావరిఖని,
ఆదివారం.

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడు రామం నమస్కరించి విన్నవించునది.

నా క్షేమం ఈ ఆదివారం వరకు యథాతథంగా కొనసాగుతున్నది. నీ క్షేమం, బావగారి కీళ్ళ నొప్పుల స్థితి, పిల్లల చదువుల ప్రగతి తెలియపరచవలసినదిగా కోరుతున్నాను. ఇక్కడి ఎండ గురించి ఫిర్యాదు చేయను. దానికి తగిన అధికారి లేడు. మెస్సులో పప్పు మీద బొగ్గు పొడి ఉచితం. తెల్ల చొక్కాలు ఇక పంపవద్దు. ఇక్కడ తెలుపుది ఒక్క పూట ఉద్యోగం. చింతకాయ పచ్చడి మాత్రం పంపు. సాయంత్రాలు గదిలో మాట్లాడే మనిషి లేడు. అలవాటు పడుతున్నాను, దిగులు పడకు.

బడికి కొత్తగా రెండు గదులు కట్టే పని నాకు అప్పగించారని ఆ మధ్య ఒక ఉత్తరంలో రాశాను కదా. పాత బడి కట్టి పదేళ్ళు దాటింది గనుక ఈ ఊరి లెక్కన అది పురాతన కట్టడం. కొత్త గదులు దానికి ఏ విధంగానూ భిన్నంగా ఉండరాదని మా పెద్ద ఇంజనీరుగారి ఆదేశం. గాలి వెలుతురుల గురించి విశ్వవిద్యాలయంలో నేను నేర్చినదంతా ఆయన ఓపికగా విని, పాత గోడకు కిటికీ లేదు గనుక కొత్త గోడకూ ఉండదని తేల్చారు. అది బాయి వైపు గోడ. గనిని ఇక్కడ బాయి అంటారు. అటు కిటికీ ఉంటే పిల్లల ధ్యాస చెదురుతుందట.

కొలతలకు వెళ్ళినప్పుడు చూశాను. ఆ గోడలో, నేల మీద కూర్చున్న పిల్లల కంటి ఎత్తున, ఒక ఇటుక లేదు. ఏటా మరమ్మత్తుల వాళ్ళు మూస్తారు, ఏటా అది ఖాళీ అవుతుంది. హెడ్మాస్టరు దేవదానంగారిని కారణం అడిగాను. ఇక్కడి పిల్లల తండ్రుల్లాగే ఆయన తండ్రీ బాయిలో దిగినవాడే.

“కిటికీ పెట్టనియ్యరు గానీ, ఈ ఇటుక పొక్కను ఆపలేరు సార్,” అన్నారు. “అండ్లకెళ్లి బాయి మీది చక్రం కనబడ్తది. మనుషులను దింపేది, ఎక్కిచ్చేది అదే. యాళ్లగాని యాళ్ల సైరన్ కూస్తే బాయిల ఏదో అయినట్టు, అప్పుడు ఒకరు చూసి చెప్తరు. జల్ది తిరిగితే అందరు పైకొస్తున్నట్టు, ఫికర్ లేదు. మెల్లగ తిరిగితే స్ట్రెచర్ వస్తున్నట్టు.”

ఒక ఏడు దాన్ని సిమెంటుతో గట్టిగా మూశారట. ఆ ఏడు సైరన్ కూయగానే పిల్లలంతా ఉన్న ఒక్క తలుపు మీద పడ్డారు. తొక్కిసలాటలో ఒక పిల్లకు చెయ్యి విరిగింది.

నేను ఆదేశాన్ని అక్షరాలా పాటించాను. పాత కట్టడం పట్ల గౌరవంతో ఆ ఖాళీని కూడా కొత్త నమూనాలో గదికొకటి చొప్పున గీసి, దానికి గాలి రంధ్రమని పేరు పెట్టాను. పెద్ద ఇంజనీరుగారు సంతకం చేస్తూ, నాకు ఇప్పటికి క్రమశిక్షణ అబ్బిందన్నారు.

కిందటి నెల, కొత్త గదిలో నేల అప్పుడే పగిలిందంటే చూడడానికి వెళ్ళాను. మొదటి షిఫ్టు పైకి వచ్చే వేళ ఇంకా కాలేదు. సైరన్ కూసింది. ఒక్కరూ లేవలేదు. రంధ్రం పక్కన కూర్చునే సమ్మక్క అనే పిల్ల గోడకు కన్ను ఆనించింది.

“ఏందే, తిరుగుతుందా?” అని వెనక పిల్ల అడిగింది.

సమ్మక్క రెండో కన్ను మూసుకుని చూసింది. “తిరుగుతుంది,” అన్నది చివరికి. “మెల్లగ.”

పిల్లలు పలకలు సంచుల్లో పెట్టుకుని వరుసగా బయటికి, బాయి దగ్గరికి నడిచారు. తోపులాట లేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు. గది ఆశించిన ప్రయోజనాన్ని నెరవేర్చినదని నివేదికలో రాయవచ్చు.

పైకి తెచ్చింది సమ్మక్క నాన్నను.

దినాలు కాగానే ఆ పిల్ల బడికి వచ్చింది. వేరే చోట కూర్చోమంటే “ఈడనే కూసుంట సార్” అన్నదట. పాత లంగా ముక్కను ఉండచుట్టి ఆ రంధ్రంలో కుక్కింది. తియ్యమని తోటి పిల్లలెవరూ అనలేదు. దేవదానంగారికి దాన్ని తీయడానికి చేతులు రావడం లేదు, నన్నూ తియ్యనివ్వరు. మళ్ళీ తొక్కిసలాట జరగకుండా రెండో తలుపు కోసం అర్జీ పెట్టాను. పాత గదికి రెండో తలుపు లేదని బదులు వచ్చింది.

నీవు ఇన్నేళ్ళుగా పిల్లల మధ్య ఉన్నదానవు. ఏం చెప్పి ఆ గుడ్డ తీయించాలో, అసలు తీయించాలో వద్దో, రాయి. పచ్చడి ఆలస్యమైనా పరవాలేదు, ఈ జవాబు ముందు రావాలి. సైరన్ ఎప్పుడు కూస్తుందో ఇక్కడ ముందుగా తెలియపరచరు.

బావగారికి, అత్తయ్యగారికి నా నమస్కారాలు. మీ ఆశీస్సులు ఈసారి ఆ పిల్ల పేరున పంపగలరు.

ఇట్లు,
నీ తమ్ముడు
రామం