సుబ్బక్క ఎట్ల పోయిందో రాస్తాండా

రాప్తాడు దగ్గర ఇటుకల బట్టీ నుంచి

అన్నకు, వదినకు చెల్లెలు నారాయణమ్మ మొక్కి రాసేది. నేనూ నీ బావ ఆదెప్పా ప్రాణాలతో ఉండాం, మా గురించి దిగులు పడొద్దు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన దగ్గు ఎట్లుండాది? తనకల్లు పక్క పదును వాన పడిందా? పడినా చెనక్కాయ విత్తేకి తొందరపడొద్దు, పోయినేడు మాదిరి అవుతుంది.

నీ జాబు అందింది. నీ బావ భుజం విరిగిందని విని వదిన ఏడ్చిందంట. ఏడవొద్దని చెప్పు. కట్టు కట్టినారు, అతుక్కుంటాండాది. కుడి భుజం కాబట్టి నేనే సంగటి ముద్దలు చేసి నోట్లో పెడతాండా. చిన్నపిల్లోని మాదిరి సిగ్గుపడతాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్నందుకే సుబ్బక్కను మట్టి చేసేకి ఊరికి తెచ్చిన పొద్దు మేము వెంట రాలేకపోయినాం. మన వీధి నుంచి మాతో పాటు పనికొచ్చిన మనిషి, మొగుడు పోయినా తలెత్తుకోని బతికిన మనిషి, ఆయమ్మకు ఒక పిడికెడు మట్టి వెయ్యలేకపోయినా.

వాళ్లమ్మ రంగమ్మవ్వ రోజూ నీ దగ్గరికొచ్చి అడుగుతాండాదని రాసినావు. నా కూతురు మేక కోసం బయటికి పోయి చచ్చిందని అంటాండారు, నిజమేనా అని. అన్నా, ఆయమ్మకు ఈడ మేకే లేదు. ఆ మాట పుట్టిచ్చినోళ్లు ఎవరో నాకు తెల్దు. నేను పక్కనే ఉండా. జరిగింది జరిగినట్లు రాస్తా, అవ్వకు చదివి వినిపించు.

ఆ పొద్దు పొద్దున్నుంచి గాలి ఆడలేదు. మధ్యాన్నం దాటినాక పడమట మబ్బు లేచింది. పైన నల్లగా, అడుగున ఒక మాదిరి పచ్చగా. చుట్టుపక్కల ఊర్లలో జనం సంబరపడి వాకిట్లోకి వచ్చి నిలబడినారంట. వానను చూసి ఇంట్లోకి పోయే దేశమా మనది? మాకు బట్టీలో అట్ల కాదు, పచ్చి ఇటుకలు తడిస్తే మళ్ల మట్టే. మేస్త్రీ కేకేస్తే అందరం పట్టలు కప్పేకి పరిగెత్తినాం. ముందు వడగండ్లు పడినాయి, నిమ్మకాయలంతేసి. ఉన్నట్టుండి ఆగినాయి. గాలీ ఆగింది. సుబ్బక్క నడుం మీద చేయి పెట్టుకోని అట్లే నిలబడిపోయింది.

"నారాయణమ్మా, మబ్బు కాలు దింపింది చూడు" అనింది.

చూసినా. మబ్బులో నుంచి ఒకటి కిందికి దిగింది, నేలకు తగిలినాక మన ఎర్రమట్టిని ఎత్తుకోని ఎర్రగా అయింది. మనకు సుడిగాలి కొత్తా? ఎండాకాలం బీట్లో రోజూ లేస్తాది, దెయ్యం గాలని ఉమ్మేసి పక్కకు జరుగుతాం. ఇదీ అట్లే పోతుందనుకున్నాం. కానీ దీనికి చప్పుడుండాది. లారీలు వరసగా కనుమ ఎక్కుతాంటే వచ్చే చప్పుడు. రోడ్డుకవతల కోళ్ల ఫారం రేకులు కాగితాల మాదిరి పైకి లేచినాయి.

అందరికంటే ముందు తేరుకున్నది సుబ్బక్కే. "గూళ్లలోకి దూరండి" అని అరిచింది. కొత్తగా పేర్చిన బట్టీ, ఇంగా నిప్పు పెట్టలేదు. అడుగున కట్టెలు తోసేకి సొరంగాలుంటాయి, పాక్కుంటా పోవచ్చు, వాటినే గూళ్లంటాం. ఒకరి మీద ఒకరు పడి దూరినాం. నీ బావ, నేను, సుబ్బక్క ఒకే గూట్లో.

"ఓబులప్ప తాత యాడ?" అనింది సుబ్బక్క.

ఓబులప్ప బట్టీకి కాపలా ఉంటాడు. ముందూ వెనకా ఎవరూ లేరు, ఒక కాలు ఈడ్చి నడుస్తాడు. సుబ్బక్కకు చుట్టమేం కాదు. రోజూ ఒక ముద్ద ఎక్కువ చేసి పెట్టేది, అంతే. తొంగి చూస్తే తాత కొట్టం ముందర మంచం మీద కూర్చోనుండాడు.

"పోవద్దక్కా" అని చేయి పట్టుకున్నా.

"ఈడికే కదా, వస్తా" అని ఇడిపిచ్చుకోని పోయింది.

ఆడ ఏం మాట్లాడుకున్నారో తాత తర్వాత చెప్పినాడు. "లెయ్ తాతా" అంటే, "గాలి నన్నేం చేస్తాది, పో. ఎన్ని గాలులు చూడల్యా నేను" అన్నాడంట. "చూసింది చాల్లే" అని రెక్క పట్టి లేపి, చంక కింద తన భుజం పెట్టి నడిపిచ్చుకోని వచ్చింది. గూటి దాకా వచ్చినారు. ముందు తాతను తోసింది. నీ బావ సగం బయటికి వంగి ఆయన్ని లోపలికి గుంజినాడు, మళ్ల సుబ్బక్క చేయి పట్టుకున్నాడు. అన్నా, పట్టుకున్నాడు, నేను కళ్లారా చూసినా. అంతలోనే అది మా మీదికొచ్చింది. పై వరస ఇటుకలు నీ బావ భుజం మీద కూలినాయి, చేయి జారిపోయింది. చెవులు పగిలిపోతాయేమో అనిపించింది. దుమ్ములో ఏమీ కనపడలేదు.

అది పోయినాక బయటికొచ్చి చూస్తే కొట్టాలు లేవు. ట్రాక్టరు తలకిందులై ఉండాది. నీళ్ల వంక గట్టు మీద తుమ్మచెట్టు కింద సుబ్బక్క దొరికింది. తల వెనక ఒకటే దెబ్బ. దెబ్బ తగిలిన వెంటనే ప్రాణం పోయింది, బాధ తెలిసుండదని డాక్టరు అన్నాడు. ఆ మాట అవ్వకు తప్పకుండా చెప్పు.

ఆ పొద్దు అది ఒక్కచోటే కాదు. ఇంగా రెండు మూడు దిక్కుల వేరేవి దిగినాయంట. వాన చూద్దామని వాకిట్లో నిలబడినోళ్లే ఎక్కువ మంది పోయినారు. ఆసుపత్రి వరండాలో చాపల మీద జనం. ఒక ఆఫీసరు వచ్చి, దీన్ని టోర్నడో అంటారు, మన దిక్కు రాదు అని చెప్పినాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఒకాయమ్మ ఆడ గోడకానుకోని ఉండాది. "రాదంటే ఎట్ల సార్, వచ్చింది కదా" అనింది.

పని మళ్ల మొదలైంది, నేను పోతాండా. మొన్న మంచి వాన పడింది. గాలి లేదు, ఉరుము లేదు, నిమ్మళంగా కురిసింది. మన నాయన ఉండింటే తడుచుకుంటా గట్ల మీద తిరిగేవాడు. మేమందరం గూళ్లలో దూరి, ఒకరి చేతులొకరు పట్టుకోని, అది నిలిచేదాకా ఏడ్చినాం.

మా దుప్పట్లు, గిన్నెలు అన్నీ పోయినాయి. ఈ పక్క వచ్చేవాళ్లుంటే ఒక పాత దుప్పటి, కొంచెం చింతపండు పంపు. ఇంగేం వద్దు. తిండికి ఇబ్బంది లేదు, నిజంగానే లేదు.

ఒక్క పని మాత్రం నువ్వు చెయ్యల్ల. ఓబులప్ప తాతకు చిన్న గీరు కూడా పడలేదు. కానీ పెట్టిన ముద్దలో సగం ఇడిసి లేస్తాడు. నిన్న నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఆయమ్మ తల్లి దగ్గరికి నన్ను తోడుకోని పో" అన్నాడు.

"పోయి ఏం చెప్తావు తాతా?" అన్నా.

"చెప్పేకి ఏముండాది. తన బిడ్డ ఎవరి కోసం పోయిందో ఆ తల్లి చూసుకోవల్ల కదా. తిట్టల్లన్నా మనిషి ఎదురుగా ఉండల్ల" అన్నాడు.

రంగమ్మవ్వను అడుగు. వదినను పక్కన పెట్టుకోని నిదానంగా అడుగు. రమ్మంటే నీ జాబు అందిన వారమే బస్సెక్కించుకోని వస్తా. వద్దంటే వద్దనిందనే రాయి, మెత్తగా మార్చి రాయొద్దు. తాతే అట్ల రాయమన్నాడు. ఏ మాటొచ్చినా ఆయమ్మ నోటి మాటే కావల్లంట.

వీధిలో పెద్దోళ్లందరినీ అడిగినానని చెప్పు. రంగమ్మవ్వ కాళ్లు నా బదులు వదినను మొక్కమను. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించండి.

మీ చెల్లెలు
నారాయణమ్మ